డ్రిల్లు వెంట వచ్చిన కణం

1960ల తొలి సంవత్సరాల్లో ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న తూలూజ్ నగరంలో ఇద్దరు వైద్యులు, తుంటి నొప్పితో వచ్చినవాళ్ల ఎముకలోపలి ఒత్తిడిని కొలిచేవారు. ఒకరు శస్త్రవైద్యుడు పాల్ ఫికా, మరొకరు కీళ్ల వైద్యుడు జాక్ ఆర్లె. ఎక్స్‌రే చూస్తే ఎముక నిక్షేపంగా ఉంటుంది, మనిషి మాత్రం కుంటుతూ ఉంటాడు. అలాంటప్పుడు తొడ ఎముక పైభాగంలోకి సన్నటి గొట్టం పంపి లోపలి ఒత్తిడి ఎంతుందో చూసేవారు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఎముకను తొలిచి, లోపలి నుంచి కడ్డీలాంటి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టేవారు. ఇదంతా జబ్బేమిటో తేల్చుకోవడానికి చేసిన పని. అయితే అలా ముక్క తీయించుకున్నవాళ్లు నొప్పి తగ్గిందని చెప్పడం మొదలుపెట్టారు. దాంతో పరీక్షే వైద్యమైంది. కోర్ డీకంప్రెషన్ అనే పేరుతో అది దేశదేశాలకూ పాకింది. ఇప్పుడు మన పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ ఆసుపత్రుల ప్రకటనల్లోనూ ‘తుంటికి మూలకణ చికిత్స’ అని కనిపించేదానికి అడుగున ఉన్నది ఈ తొలచడమే. తొలిచిన దారి గుండానే కణాలు లోపలికి వెళతాయి. రంధ్రం ముందు పుట్టింది, కణం దాని వెనక వచ్చింది, పేరు మాత్రం కణానికి దక్కింది. ఈ అరవై ఏళ్ల చరిత్రను ఆధారాల వెంట నడిచి చూస్తే నాకు తేలింది ఒకటే. తుంటి నిలబడిందా, కూలిందా అన్నదాన్ని ప్రధానంగా నిర్ణయించింది జబ్బు ఏ దశలో పట్టుబడిందన్నదే. కణాలకు వాటా లేదనను. ఆ వాటా షరతులతో కూడినది, పేరు సూచించేదానికన్నా చాలా చిన్నది.

ఎందుకో తెలియాలంటే ముందు జబ్బు తీరు చూడాలి. తొడ ఎముక గుండ్రటి తల కటి ఎముక గిన్నెలో తిరుగుతుంది. ఆ తలకు రక్తం వెళ్లే దారులు తక్కువ. తొడ ఎముక మెడ వెనకవైపు నుంచి ఎగబాకే కొన్ని సన్నటి నాళాల మీదే అది చాలావరకు బతుకుతుందని, ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన కతలాన్ వైద్యుడు జోసెప్ ట్రుయెటా 1953లో వివరంగా చూపించాడు. ఆ దారి మూసుకుపోతే ఎముకలోని కణాలు చచ్చిపోతాయి. విచిత్రమేమిటంటే ఎముక వెంటనే కూలదు. కణాలు పోయినా సున్నపు చట్రం గట్టిగానే నిలుస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవడానికి కారణం అదే. అసలు ప్రమాదం శరీరం మరమ్మతుకు దిగినప్పుడు వస్తుంది. అంచుల నుంచి కొత్త నాళాలు లోపలికి చొచ్చుకొచ్చి, పాత ఎముకను తొలగిస్తూ కొత్తది కడతాయి. తొలగింపు వేగంగా, కట్టడం నెమ్మదిగా సాగితే ఆ మధ్యకాలంలో మృదులాస్థి కింది ఎముక చెదపట్టిన దూలంలా పైకి బాగానే ఉండి లోపల డొల్లవుతుంది. మనిషి బరువు పడినప్పుడు అది పగులుతుంది, గుండ్రటి తల చదునవుతుంది, గిన్నెతో పొసగదు. చికాగో శస్త్రవైద్యుడు డాలస్ ఫెమిస్టర్ 1930ల నాటికే ఈ మరమ్మతు క్రమాన్ని గుర్తించి రాశాడు. అంటే తల కూలకముందు ఒక గడువుంటుంది. కొందరిలో అది నెలలు, కొందరిలో ఏళ్లు. వైద్యం అంటూ ఏదైనా చేయగలిగేది ఆ గడువులోనే. కూలిన తర్వాత ఆకారం పోయినట్టే, అక్కడ కొత్త ఎముక పుట్టినా గుండ్రదనం తిరిగిరాదు. తర్వాత చెప్పబోయే ప్రతి పరిశోధన ఫలితాన్నీ ఈ గడువు పక్కన పెట్టి చదవాల్సిందే.

ఈ జబ్బుకు గురైనవాళ్లు ఏ కాలంలో ఎవరన్నది చూస్తే వైద్యం కథ మరింత స్పష్టపడుతుంది. 20వ శతాబ్దం మొదట్లో వీళ్లు నదుల కింద సొరంగాలు తవ్వే కూలీలు. నీరు లోపలికి రాకుండా గాలిని ఒత్తిపెట్టిన గదుల్లో పనిచేసి, పైకి వచ్చేటప్పుడు రక్తంలో నత్రజని బుడగలు కట్టి ఎముకలు చచ్చినవాళ్లు. హాంబర్గ్‌లో ఎల్బ నది కింద సొరంగం తవ్విన కార్మికుల కీళ్లు పాడైన సంగతిని 1911లోనే వైద్యులు నమోదు చేశారు. దానికి ఒక ఏడాది ముందు, 1910లో, పిల్లల్లో వచ్చే ఇలాంటి జబ్బును లెగ్, కాల్వే, పెర్తెస్ అనే ముగ్గురు మూడు దేశాల నుంచి విడివిడిగా వర్ణించారు. ఆ తర్వాత పెద్ద మలుపు 1948లో అమెరికాలోని మేయో క్లినిక్ దగ్గర వచ్చింది. ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతం రోగికి కార్టిసోన్ ఇచ్చి, మంచం పట్టిన మనిషిని నడిపించింది. 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందుకూ తుంటి ఎముక చావుకూ సంబంధం ఉందని 1957లో ఇటలీ వైద్యులు పియెత్రోగ్రాందె, మాస్త్రోమరీనో రాశారు. అప్పటి నుంచి ఈ జబ్బు ముఖం మారింది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, లూపస్ ఉన్నవాళ్లు, ఉబ్బసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు మింగినవాళ్లు, విపరీతంగా తాగేవాళ్లు, సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవాళ్లు. వీళ్లలో ఎక్కువమంది ముప్పై, నలభై ఏళ్ల వయసువాళ్లు. ఈ వయసు సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత కణాల తరఫున వినిపించే అతి బలమైన వాదన దీని మీదే నిలబడింది.

మళ్లీ డ్రిల్లు దగ్గరికి వద్దాం. ఫికా, ఆర్లె చెప్పిన సిద్ధాంతం సరళమైనది. ఎముక ఒక మూసిన పెట్టె, లోపల ఒత్తిడి పెరిగితే రక్తం పారదు, రంధ్రం పెడితే ఒత్తిడి దిగి రక్తం పారుతుంది. 1985లో ఫికా ప్రచురించిన వ్యాసంలో తొలి దశల్లో ఫలితాలు చాలా బాగున్నాయి. కానీ ఆ ఫలితాలకు పక్కన పోలిక లేదు, డ్రిల్లు పెట్టకపోతే అదే తుంటి ఏమయ్యేదో ఎవరూ చూడలేదు. 1990లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లకు రెండు రకాల జవాబులు దొరికాయి. చీటీ వేసి రోగులను రెండు గుంపులుగా విడదీసి 1991లో అమెరికాలో ప్రచురించిన ఒక పరీక్ష డ్రిల్లు వైపు మొగ్గింది. 1995లో దక్షిణ కొరియాలో కూ బృందం అదే పద్ధతిలో 37 తుంటులను చూసింది. డ్రిల్లు పెట్టిన 18లో 14, పెట్టని 19లో 15 కూలిపోయాయి. తేడా లేదన్నమాట. 37 అనేది చిన్న సంఖ్యే, దాంతో ఏదీ కొట్టిపారేయలేం. అయినా ఒక సంగతి అక్కడ బయటపడింది. నొప్పి తగ్గడం వేరు, తల కూలకుండా ఆగడం వేరు. తూలూజ్ రోగులు చెప్పింది మొదటిదే. మూడు దశాబ్దాల పాటు వైద్యలోకం ఆ మాటను రెండోదానికి సాక్ష్యంగా వాడుకుంది. ఈలోగా మరోవైపు ఇంకా పెద్ద మార్పు జరిగిపోయింది. 1980లలో ఎమ్మారై వచ్చింది. ఎక్స్‌రేలో కనపడని చచ్చిన ఎముక అందులో స్పష్టమైన గీతతో కనపడసాగింది. దాంతో ‘తొలి దశ రోగి’ అనే మనిషి పెద్ద సంఖ్యలో ఆసుపత్రి లెక్కల్లోకి వచ్చాడు. అంతకుముందు కూలాక వచ్చేవాళ్లు ఇప్పుడు కూలకముందే వస్తున్నారు. వాళ్లలో కొందరికి చచ్చిన ఎముక మచ్చ చిన్నది, బరువు పడే చోట లేనిది, ఏమీ చేయకపోయినా ఏళ్ల తరబడి నిలిచేది. ఇలాంటి తుంటులు ఏ వైద్యం లెక్కలోకి చేరినా ఆ వైద్యానికి పేరు తెచ్చిపెడతాయి.

ఇక కణం కథ. ఎముక మజ్జకు ఎముకను పుట్టించే గుణం ఉందన్నది కొత్త సంగతేం కాదు. 1869లోనే గూజోఁ అనే ఫ్రెంచి పరిశోధకుడు జంతువుల మజ్జను ఎముక లేని చోట నాటి, అక్కడ ఎముక ఏర్పడటం చూశాడు. సుమారు వందేళ్ల తర్వాత మాస్కోలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ ఆ గుణం మజ్జలోని ఏ కణాలదో వెతికాడు. మజ్జను గాజుపాత్రలో వేస్తే అడుగున అంటుకొని, ఒక్కొక్కటి ఒక్కో గుంపుగా పెరిగే అరుదైన కణాలు ఉన్నాయని, అవి ఎముకను తయారుచేయగలవని 1970 నాటికి చూపించాడు. ఎన్ని గుంపులు పెరిగాయో లెక్కపెడితే మజ్జలో అలాంటి కణాలు ఎన్నున్నాయో తెలుస్తుంది. ఇప్పటికీ లెక్క అలాగే కడతారు. 1991లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లన్ వాటిని మెసెంకైమల్ మూలకణాలన్నాడు, ఆ పేరు అంటుకుపోయింది. దాన్ని పెట్టిన కాప్లనే 2017లో పేరు మార్చండి మహాప్రభో అన్నట్టు వ్యాసం రాశాడు. శరీరంలోకి పంపినప్పుడు ఇవి కొత్త కణజాలంగా మారే పనికన్నా, చుట్టూ ఉన్న కణాలకు రసాయన సంకేతాలు పంపి మరమ్మతును ప్రోత్సహించే పనే ఎక్కువ చేస్తున్నాయని అతని వాదన. అప్పటికే ఆలస్యమైంది. ప్రపంచమంతా క్లినిక్కులు బోర్డులు రాయించేసుకున్నాయి.

ఈ కణాన్ని తుంటి డ్రిల్లుతో కలిపినవాడు ఫిలిప్ ఎర్నిగూ. పారిస్ శివార్లలో క్రెతేయ్ అనే చోట ఆన్రీ మోందోర్ ఆసుపత్రిలో ఆయన పని. ఆ ఆసుపత్రికి ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్న సికిల్ సెల్ రోగులు ఎక్కువగా వచ్చేవారు. వంకర తిరిగిన ఎర్ర రక్తకణాలు సన్నటి నాళాలను మూసేయడం వల్ల వాళ్ల ఎముకలు చిన్న వయసులోనే చచ్చేవి. సికిల్ సెల్ కోసం మజ్జ మార్పిడి చేసిన ఒక రోగిలో, చచ్చిన ఎముక కూడా కోలుకోవడాన్ని నాలుగేళ్లు గమనించి ఎర్నిగూ బృందం 1997లో ప్రచురించింది. ఎవరూ తుంటి కోసం చేయని వైద్యం ఎముకకు మేలు చేసింది. ఇక్కడా తూలూజ్‌లో లాగే ఒక పని చేస్తుంటే మరొకటి కనపడింది. అదే ఏడాది ఆ బృందం ఇంకో సంగతి చెప్పింది. స్టెరాయిడ్ల వల్లో తాగుడు వల్లో తుంటి చచ్చినవాళ్ల కటి ఎముక మజ్జలో ఎముకను పుట్టించే కణాలు తక్కువగా ఉన్నాయని. మరమ్మతుకు పనివాళ్లు చాలక తల కూలుతోందన్న ఆలోచనకు అది బలమిచ్చింది. కటి ఎముక నుంచి మజ్జ లాగి, యంత్రంలో తిప్పి చిక్కబరచి, తొడ ఎముక తలలోకి సూదితో ఎక్కించడం అప్పటికే మొదలైంది. 2002లో ఎర్నిగూ, బోజాన్ ప్రచురించిన లెక్క ఇప్పటికీ ఈ రంగంలో అందరూ ఎత్తిచూపేది. 116 మంది రోగులు, 189 తుంటులు, ఐదు నుంచి పదేళ్ల పరిశీలన. కూలకముందు వైద్యం చేసిన 145 తుంటుల్లో తర్వాత కృత్రిమ తుంటి మార్పిడి చేయాల్సి వచ్చింది తొమ్మిదింటికే. కూలిన తర్వాత చేసిన 44లో మాత్రం 25కి మార్పిడి తప్పలేదు.

ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టండి. 145లో 9 అంటే నూటికి ఆరు, 44లో 25 అంటే నూటికి 57. రెండు గుంపులకూ కణాలు వెళ్లాయి, ఒకే చేతులు ఎక్కించాయి. తేడా కణంలో లేదు, దశలో ఉంది. మూలకణ చికిత్సకు పునాది అని చెప్పుకునే ఈ నివేదిక నిజానికి గడువు ఎంత ముఖ్యమో చెప్పే నివేదిక. కణాలు లేకుండా ఉత్త డ్రిల్లు పెట్టిన మూడో గుంపు అందులో లేదు కాబట్టి కణం వాటా ఎంతో ఆ లెక్క చెప్పలేదు, చెప్పిందని రచయితలు అనుకున్నా అనుకోకపోయినా. ప్రచారంలో మాత్రం మొదటి అంకె కణం ఖాతాలో పడింది, రెండో అంకె మౌనంగా జారిపోయింది.

కణం వాటాను తూచాలంటే ముందు అవి ఎన్ని వెళుతున్నాయో తెలియాలి. మామూలుగా లాగిన మజ్జలో ఇలాంటి కణం పదివేల నుంచి లక్ష కణాలకు ఒకటి ఉంటుంది. 2005లో ఎర్నిగూ బృందమే, అతుక్కోని కాలి ఎముకల మీద చేసిన పనిలో దీన్ని లెక్కగట్టింది. లాగిన మజ్జలో ఘన సెంటీమీటరుకు సగటున 612, చిక్కబరిచాక 2,579. అరవై మందిలో 53 మందికి ఎముక అతుక్కుంది. అతుక్కోని ఏడుగురికి ఎక్కించిన మజ్జలో కణాల సంఖ్య బాగా తక్కువ. అంటే సంఖ్యకు విలువుంది. ఆ సంఖ్య ఎంత సులువుగా పడిపోతుందో అంతకుముందే 1997లో క్లీవ్‌లాండ్‌లో జార్జ్ మష్లర్ చూపించాడు. ఒకే చోట నుంచి రెండు మిల్లీలీటర్లకు మించి లాగితే వచ్చేది ఎక్కువగా రక్తమే, కణాలు పలచబడిపోతాయి. సూది కదుపుతూ, చిన్న సిరంజితో, పలుచోట్ల కొద్దికొద్దిగా లాగాలి. ఓపిక కావాల్సిన పని. ఒకే పొడుపుతో పెద్ద సిరంజి నింపేసినా సీసా మీద పేరు మూలకణమే, రోగి కట్టే డబ్బూ అంతే. ఈ రంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన పరికరం సిరంజి అనిపిస్తుంది నాకు, దాని గురించి ఏ ప్రకటనలోనూ ఒక్క ముక్క కనపడకపోయినా.

పోలికతో చేసిన తొలి పరీక్ష 2004లో బ్రసెల్స్ నుంచి వచ్చింది. వలెరీ గాంజీ, జాఁ-ఫిలిప్ ఓజర్ బృందం 13 మంది రోగుల్లో 18 తొలి దశ తుంటులను తీసుకుంది. ఎనిమిదింటికి ఉత్త డ్రిల్లు, పదింటికి డ్రిల్లుతో పాటు మజ్జ. రెండేళ్లకు మొదటి గుంపులో ఐదు కూలాయి, రెండో గుంపులో ఒకటే. తర్వాత తుంటుల సంఖ్య 24కు పెంచి 2011లో ఐదేళ్ల ఫలితం చెప్పారు. ఉత్త డ్రిల్లు పెట్టిన 11లో ఎనిమిది, మజ్జ వేసిన 13లో మూడు. చిన్న సంఖ్యలైనా దిశ స్పష్టం. ఇక్కడితో కథ ఆపితే కణం గెలిచినట్టే. చాలామంది ఇక్కడే ఆపుతారు కూడా. కానీ అదే ఓజర్ ఆ తర్వాత లియేజ్‌లో కూలిన దశలో, అంటే మూడో దశలో, ఉన్న తుంటుల మీద, రోగికీ పరీక్షించే వైద్యుడికీ ఎవరికేం వేశారో తెలియకుండా మరో పరీక్ష నడిపాడు. 2018లో వచ్చిన ఆ వ్యాసం శీర్షికలోనే తీర్పు ఉంది, మూడో దశలో చిక్కబరిచిన మజ్జ పనిచేయదని. తను మొదలుపెట్టినదాని హద్దు తనే గీసి చూపిన పరిశోధకులు ఏ రంగంలోనైనా అరుదు, అందుకే ఆ పేరును గౌరవంతో తలుస్తాను. అదే ఏడాది ఇంకో దెబ్బ తగిలింది. మజ్జ నుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి, ఎముకను కట్టే కణాలుగా మార్చి తుంటిలో వేసే ఉత్పత్తిని తయారుచేసిన బెల్జియం కంపెనీ బోన్ థెరప్యూటిక్స్, చివరి దశ పరీక్షను మధ్యలోనే ఆపేసింది. సగం దారిలో లెక్కలు చూస్తే ప్రయోజనం తేలే సూచన లేదని.

ఇక్కడ నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం గట్టిదే. అదే 2018లో ఎర్నిగూ బృందం 125 మంది రోగుల కథ ప్రచురించింది. అందరికీ స్టెరాయిడ్ల వల్ల రెండు తుంటులూ తొలి దశలో చచ్చినవి. ఒకవైపు డ్రిల్లు మాత్రమే, రెండోవైపు డ్రిల్లుతో పాటు మజ్జ. సగటున పాతికేళ్లు చూస్తే ఉత్త డ్రిల్లు వైపు 95 తుంటులకు మార్పిడి చేయాల్సి వచ్చింది, మజ్జ వైపు 30కి. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే మందు, ఒకే బరువు. ఇంతకన్నా మంచి పోలిక ఏముంటుందని అడుగుతారు. నిజమే, దీన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. తొలి దశలో, కణాలను లెక్కబెట్టి, తుంటికి సగటున 90,000 చొప్పున ఎక్కించిన చోట మేలు జరిగిందనడానికి ఇది బలమైన ఆధారం. అయితే అది ఒక ఆసుపత్రి, ఒక బృందం. మజ్జ లాగడంలో చేయి తిరిగినవాళ్లు, కణాల లెక్క చూసే ప్రయోగశాల పక్కనే ఉన్నవాళ్లు. హైడెల్‌బర్గ్‌లో, కొరియాలో పోలికతో చేసిన ఇతర పరీక్షల్లో అంత తేడా కనపడలేదు. రెండింటినీ కలిపి చదివితే ఒక అర్థమే మిగులుతుంది. ఈ వైద్యం ఎక్కడ చేసినా ఒకే ఫలితమిచ్చే మందు కాదు, చేతి మీదా సంఖ్య మీదా దశ మీదా ఆధారపడ్డ పనితనం. క్రెతేయ్ ఫలితాన్ని మరో ఊళ్లోని క్లినిక్ తన గోడకు తగిలించుకోవాలంటే, క్రెతేయ్‌లో లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాలి.

చిన్న పరీక్షలో వెలిగి పెద్ద పరీక్షలో ఆరిపోవడం ఈ జబ్బు చరిత్రలో కణాలకే పరిమితం కాదు. ఎముక అరిగిపోకుండా వాడే అలెండ్రోనేట్ మాత్రల మీద 2005లో తైవాన్‌లో ఒక పరీక్ష జరిగింది. మాత్రలు వేసుకున్న 29 తుంటుల్లో రెండు కూలితే, వేసుకోని 25లో 19 కూలాయి. అద్భుతం. తర్వాత అదే తైవాన్‌లో పలు ఆసుపత్రులు కలిసి, ఒక గుంపుకు ఉత్తుత్తి మాత్రలిచ్చి, ఎవరికేదో తెలియనివ్వకుండా చూస్తే 2012లో వచ్చిన ఫలితంలో తేడా లేదు. పాతిక ముప్పై తుంటుల పరీక్షలో మచ్చ ఎంత పెద్దది, ఎక్కడుంది అన్న తేడాలే ఫలితాన్ని అటూ ఇటూ లాగేస్తాయి. అందుకే బ్రసెల్స్ అంకెలను నేను సంతోషంగా కన్నా జాగ్రత్తగా చదువుతాను.

రెండో అభ్యంతరం, లాగిన మజ్జలో కణాలు తక్కువైతే ప్రయోగశాలలో పెంచి ఎక్కువ వేయొచ్చు కదా అన్నది. 2012లో చైనాలో కణాలు పెంచి తొలి దశ తుంటుల్లో వేసిన ఝావ్ బృందం మంచి ఫలితాలే చెప్పింది. బెల్జియం కంపెనీ పరీక్ష మాత్రం అందుకు విరుద్ధంగా తేలింది. మన దేశంలో ముంబైకి చెందిన రీగ్రో బయోసైన్సెస్ 2017లో, రోగి మజ్జ నుంచి పెంచిన ఎముక కణాలను తుంటికి వాడేందుకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. అదే 2017లో భారత వైద్య పరిశోధన మండలి మూలకణాలపై మార్గదర్శకాలు సవరించి, రక్త సంబంధ జబ్బులకు ఆమోదించిన మజ్జ మార్పిడి తప్ప మరే మూలకణ వాడకమైనా అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలంది. 2019 నాటి కొత్త ఔషధాల నిబంధనలు మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తిని కొత్త మందుగానే పరిగణించాయి. పెంచిన కణం మందు కాబట్టి దానికి అనుమతి, పరీక్ష, లెక్క ఉంటాయి. ఆపరేషన్ గదిలోనే లాగి, తిప్పి, వెంటనే ఎక్కించే మజ్జకు ఆ గట్టి కాపలా ఉండదు. విచిత్రంగా ‘మూలకణం’ అన్న పేరును ఎక్కువగా మోస్తున్నది ఈ రెండోదే.

మూడో అభ్యంతరం వయసు గురించి, నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. ముప్పై ఏళ్ల మనిషికి కృత్రిమ తుంటి పెడితే అది అరిగిపోయాక మళ్లీ మళ్లీ కోయాలి, కాబట్టి సగం ఆధారమున్నా సరే సొంత తుంటిని కాపాడే ప్రయత్నం చేయొద్దా అని. జాన్ చార్న్‌లీ 1962లో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్‌లో ఆధునిక తుంటి మార్పిడికి దారి వేసినప్పటి నుంచి 1990ల దాకా ఈ మాట అక్షరాలా నిజం. గిన్నెలోని ప్లాస్టిక్ అరిగి, ఆ ధూళి చుట్టూ ఎముకను తినేసేది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే మన అలవాటుకు ఆ కీళ్లు అసలే పొసగలేదు. ఎర్నిగూ తన పని మొదలుపెట్టింది ఆ కాలంలోనే. సొంత తుంటిని పదేళ్లు నిలిపినా గొప్ప లాభం అప్పట్లో. 1990ల చివర మరింత గట్టి ప్లాస్టిక్ వచ్చాక ఆ లెక్క మారింది. 2019లో ఇంగ్లండ్ పరిశోధకులు పలు దేశాల రికార్డులు కలిపి చూసి, మార్పిడి చేసిన తుంటుల్లో నూటికి 58 పాతికేళ్లు నిలిచాయన్నారు. అవి చాలావరకు పెద్ద వయసువాళ్లవి, పాత తరం కీళ్లు. యువకులకు అదే అంకె అతికించలేం. అయినా దిశ ఒకటే, మార్పిడిని వాయిదా వేయడం వల్ల వచ్చే లాభం 1990లో ఉన్నంత ఇప్పుడు లేదు. కూలిన తుంటిలోకి కణాలు ఎక్కించి నొప్పితో మరో రెండేళ్లు గడపడానికీ, గట్టి కీలు పెట్టించుకుని నడవడానికీ మధ్య రోగి ఎంచుకోవాల్సి వస్తే, ఆ ఎంపికను 1990ల భయంతో చేయించడం న్యాయం కాదు. కూలని తుంటిలో మాత్రం వయసు వాదన ఇప్పటికీ నిలుస్తుంది. ఆ మేరకు ఒప్పుకుంటాను.

కూలకముందు పట్టుకోవడం ఎవరి పని అన్నదే చివరికి మిగిలే ప్రశ్న. 2003లో సార్స్ వచ్చినప్పుడు హాంకాంగ్‌లో స్టెరాయిడ్లతో వైద్యం చేసిన 254 మందికి ఎమ్మారై తీస్తే 12 మందిలో ఎముక చచ్చిన గుర్తులు కనపడ్డాయని 2005లో ప్రచురించారు. ఇరవై ఏళ్లు తిరగకుండానే అదే కథ మన దేశానికి కోవిడ్ రూపంలో వచ్చింది. ముంబైలోని ఒక ఆసుపత్రి వైద్యులు 2021లో మూడు కేసులు నివేదించారు. వాళ్లకు సగటున 758 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ పడింది, కోవిడ్ తేలాక సగటున 58 రోజులకే తుంటి నొప్పి మొదలైంది. మందు మొదలుపెట్టాక ఆరు నెలలో ఏడాదో పడుతుందనుకున్న జబ్బు రెండు నెలల్లోపే వచ్చింది. ఆ ముగ్గురికీ జబ్బు త్వరగా పట్టుబడింది, వైద్యం ఎముకను కాపాడే మందులతో మొదలైంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్న గిరిజన యువకులకూ ఇలా త్వరగా పట్టుకోవడమే కీలకం. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం రక్తపరీక్షల మీద దృష్టి పెట్టింది. ఆ జబ్బు ఉందని తేలిన కుర్రాడు గజ్జలో నొప్పి అన్నా, తొడ లోపలివైపు నొప్పి అన్నా, మోకాలు నొప్పి అన్నా, ఎక్స్‌రే బాగుందని పంపేయకుండా తుంటికి ఎమ్మారై రాసేవాళ్లు కావాలి. క్రెతేయ్‌లో నూటికి ఆరుకూ 57కూ మధ్య తేడా తెచ్చింది ఆ చీటీయే.